ఇంటర్‌సెప్టర్లతో వారం గడిపే విధానం

ఎర్రగుంట్లలో రైలెక్కి అమీర్‌పేట పోయి, స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ ఒక్క ఊపులో నేర్చుకుని, ఇప్పుడు వీరపునాయునిపల్లెలో ఇంట్లోంచే బెంగళూరు కంపెనీ పని చేసుకుంటున్న తమ్ముళ్ల కోసం ఈ సూచనలు. మీ నెత్తిన పాత స్ట్రట్స్ 2 ప్రాజెక్టు పడిందనుకుందాం. గంటలో తేలే పనిని వారం సాగదీయాలి.

అమీర్‌పేటలో కొన్న జిరాక్స్ నోట్సును అటక మీదే ఉండనీయండి. అందులో జవాబుంది.

కొత్త ప్యాకేజీ రాసేటప్పుడు ఎక్స్‌టెండ్స్ దగ్గర స్ట్రట్స్-డిఫాల్ట్ అని రాయకండి. ఒకరి ఆస్తి మనకెందుకు? యాక్షన్‌కు ముందూ వెనకా నడిచే ఇంటర్‌సెప్టర్లూ రావు, పేజీని చూపించే రిజల్ట్ టైపులూ రావు. కాకపోతే ఇది చిల్లర తప్పు. సర్వర్ లేస్తూనే అరిచి పట్టిస్తుంది. మనకు కావాల్సింది నోరు మెదపని తప్పు.

దానికి దారి ఉంది. స్ట్రట్స్-డిఫాల్ట్‌ను మళ్లీ పెట్టేసి, లాగిన్ అయ్యారో లేదో చూసే సొంత ఇంటర్‌సెప్టర్ ఒకటి రాసి, యాక్షన్ కింద ఇంటర్‌సెప్టర్-రెఫ్‌గా తగిలించండి. దాని పక్కన డిఫాల్ట్‌స్టాక్ అని మరో లైను మాత్రం పెట్టకండి. కొత్తది పాతవాటికి తోడవుతుందని గట్టిగా నమ్మండి. తోడవదు. పాతవాటన్నిటినీ బయటికి నెట్టి తానొక్కటే కూర్చుంటుంది. ఫారంలో నింపిన విలువలను యాక్షన్‌కు చేర్చే పారామ్స్ కూడా ఆ నెట్టేసినవాటిలోనే ఉంటుంది. పేజీలో ఎర్రర్ ఉండదు. పేరు నల్, ఊరు నల్, ఫోన్ నంబరు నల్. ఇక సెట్టర్లు తిరగరాయండి, టామ్‌క్యాట్ ఆపి మళ్లీ లేపండి, బ్రౌజర్ మార్చండి, డేటాబేస్ చూసే అమ్మాయితో కాసేపు గొడవపడండి. మన కడప వాడే అయిన టీమ్‌లీడ్ ఫోన్ చేసి "ఏమబ్బీ, యాడిదాకా వచ్చింది?" అంటే "పొద్దున్నుంచీ నెట్ లేదన్నా" అనండి. నమ్ముతాడు, ఆయనదీ ఈ పక్క ఊరే.

ఇంకాస్త రక్తి కట్టాలంటే యూజర్ వివరాలను ఇంటర్‌సెప్టర్‌లో ఫీల్డుగా దాచండి. ఒకే ఆబ్జెక్టు అందరి రిక్వెస్టులకూ పనిచేస్తుంది కనక, ప్రొద్దుటూరు ఖాతాదారు వివరాలు జమ్మలమడుగు ఆయనకు కనిపించవచ్చు. ఇరుగుపొరుగు వాళ్లే కదా.

వెర్షన్ జోలికి అసలే పోకండి. 2017 మార్చిలో స్ట్రట్స్‌లోని పెద్ద లోపానికి అపాచీ వాళ్లు ప్యాచ్ ఇచ్చారు. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే కంపెనీ తన వెబ్‌సైట్లలో ఒకదానికి దాన్ని వేయలేదు. దొంగలు అక్కణ్నుంచే చొరబడి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు.