అరగంటలో పనిచేసే ఆకు

తిరుపతి బస్టాండు చుట్టుపక్కల మూత్రశాలల గోడలు చదివితే చాలు, ఈ జిల్లాలో మగవాళ్ళంతా మంచానపడ్డారని అనుకోవాల్సిందే. 'శేషాచలం మూలికలు. ఆకు వైద్యం. వివరాలు రహస్యంగా ఉంచబడును.' కింద లాడ్జీ రూము నంబరు, డాక్టరుగారు దయచేసే తేదీ. ఆయన ఏ కాలేజీలో చదివాడన్నది అంతకన్నా రహస్యం.

శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అందులోనే శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు. అక్కడ అనుమతి లేకుండా ఆకు తుంచినా నేరమే. మన వైద్యుడు కోసుకొచ్చాడంటే దొంగ, కొయ్యలేదంటే అబద్ధాలకోరు. ఏదో ఒకటి అనుకునే స్వేచ్ఛ రోగికి ఉంది.

అసలు మగతనం పెంచుతామని ప్రకటన వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. కానీ దొరికించేదెవరు? 'అయ్యా, డబ్బు తీసుకున్నాడు, నాకు పని జరగలేదు' అని స్టేషన్లో రాసిచ్చే మొనగాడు ఇంకా పుట్టలేదు. మన సిగ్గే వాళ్ళ పెట్టుబడి.

పెన్నేరుగడ్డకు పేరుందని దాని ఆకునూ పొడికొట్టి అమ్మేవాళ్ళున్నారు. ఆయుర్వేదంలో ముఖ్యంగా వాడేది దాని వేరు. ఆకు జోలికి పోవద్దని 2021లో ఆయుష్ శాఖే తయారీదార్లకు చెప్పింది. మన లాడ్జీ వైద్యుడు మాత్రం "ఏసుకున్న అరగంటలో నీకే తెలిసిపోతాదన్నా" అంటాడు. అరగంటలో తెలిసిందంటే అది ఆకు మహిమ కాదు నాయనా, పొడిలో కలిపిన సిల్డెనాఫిల్ మహిమ! మూలికల పేరుతో ఆ మందు దొంగచాటుగా కలపడం దేశదేశాల్లో పట్టుబడిన విద్యే. గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాడు దీన్ని మింగితే బీపీ పాతాళానికి పోతుంది. ఆపాటికి డాక్టరుగారు రూము ఖాళీ చేసి చిత్తూరు బస్సెక్కి ఉంటారు.

టీటీడీ వారి ఆయుర్వేద ఆస్పత్రి ఊళ్ళోనే ఉంది. అక్కడికి పోతే పేరడుగుతారని భయం. షుగరు పరీక్ష రాస్తే ఇంకా భయం. రక్తనాళాలు దెబ్బతిన్నాయంటే అటుతర్వాత గుండె వంతు రావచ్చని ఎవరైనా చెబితే, ఆ మాట వినడానికా ఇంత దూరం వచ్చింది? లాడ్జీ మెట్ల దగ్గర వంతు కోసం నిలబడ్డ అన్న ఆ బాధ మరవడానికి బీడీ ముట్టించాడు. లోపల పొగాకు, పైన తునికాకు. మగతనం మీద పనిచేస్తుందని డాక్టర్లందరూ ఒప్పుకునే ఆకు ఆ పొగాకే. కాకపోతే పనిచేసేది ఎదురు దిక్కున.