డాలస్ ఇంటి కప్పు: టీకా తాత్పర్య సహితము

ఆ.వె.
కప్పు వయసు చూచి కంపెనీ వెలగట్టు
రాళ్ల వాన కురియ రాలు కొంత
తరుగు తీసి పిదప తనవంతు కట్టించు
పాలసీని చదివి పడుకొనవలె

అవతారిక: టెక్సాస్ రాష్ట్రమున, డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతములలో ఇల్లు కొన్న తెలుగు గృహస్థునకు వసంతాగమనమును చాటునది కోకిల కాదు, వడగళ్లు. మరునాడే రూఫింగువారు తలుపు తట్టి, "మీ కప్పు ఊరకే చూచి పెట్టెదము" అందురు. అట్టి గృహస్థునకు కవి బీమా మర్మము నుపదేశించుచున్నాడు.

ప్రతిపదార్థము: కప్పు వయసు చూచి = తారు షింగిల్సు పరచి ఎన్నేళ్లయినదో విచారించి; కంపెనీ = బీమా సంస్థ; వెలగట్టు = ప్రీమియమును, పరిహారమును నిర్ణయించును; రాళ్ల వాన కురియ = వడగళ్లు పడగా; రాలు కొంత = డాలర్లు కొన్ని మాత్రమే రాలును; తరుగు తీసి = గడచిన ఏళ్లకు తరుగుదల మినహాయించి; పిదప = అంతటితో ఊరుకొనక; తనవంతు = డిడక్టిబులును (ఇచ్చట 'తన' అనగా గృహస్థునిదే); కట్టించు = భరింపజేయును; పాలసీని చదివి పడుకొనవలె = స్పష్టము. అయినను ఎవరును చేయరు.

తాత్పర్యము: ఇంటికి బీమా ఉన్నంత మాత్రమున కప్పుకు పూర్తి బీమా ఉన్నట్లు కాదు. ఇంటిది ఒక లెక్క, కప్పుది మరొక లెక్క.

విశేషములు:

తరుగు — పాలసీని బట్టి పరిహారము రెండు విధములు. కొత్త ఖరీదు ఇచ్చునది రీప్లేస్‌మెంట్ కాస్ట్. నేటి విలువ మాత్రమే ఇచ్చునది యాక్చువల్ క్యాష్ వాల్యూ. మొదటిదానిలో సయితము తరుగును ముందు పట్టుకొని, కప్పు వేయించి బిల్లు చూపిన పిమ్మట విడుదల చేయుదురు. రెండవదానిలో పోయినది పోయినట్టే. కప్పు ముదిరినకొద్దీ మొదటిదాని నుండి రెండవదానికి జార్చు కంపెనీలు కలవు. రెన్యువల్ కాగితములను చూడక పారవేయువారికి ఇది క్లెయిము నాడు తెలియును.

తనవంతు — గాలికి, వడగళ్లకు ఇది తరచు శాతములలో ఉండును. ఆ శాతము నష్టముపై అని పామరుల తలంపు; ఇంటి బీమా మొత్తముపై అని పండితులు. ఉదాహరణ: బీమా 4,00,000 డాలర్లు, వంతు 2 శాతము, అనగా 8,000. కొత్త కప్పుకు 20,000 అగుననుకొందము. మొదటి విధమున చివరకు చేతికి వచ్చునది 12,000. రెండవ విధమున, 20 ఏళ్ల ఆయువు కట్టిన కప్పుకు 10 ఏళ్లు నిండినచో సగము తరుగు. మిగిలిన 10,000లో 8,000 పోగా 2,000. 'రాలు కొంత' అన్న కవికి గణితమున ప్రవేశము కలదని తెలియుచున్నది.

ఆక్షేపము: "మీ వంతు మేము చూచుకొందుము" అని రూఫరు అనుచున్నాడు కదా? సమాధానము: టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుండి అట్లు మాఫీ చేయుట చట్టవిరుద్ధము. వంతు కట్టిన రుజువు చూపుమని కంపెనీ అడుగవచ్చును.

కురియ — కురిసినంత మాత్రమున చాలదు, దెబ్బ కనబడవలెను. నష్టము అంచనా వేయుటకు కంపెనీ పంపు అడ్జస్టరు నిచ్చెన వేసి ఎక్కి, పదడుగుల చదరమును సుద్దతో గీసి, షింగిలుపై రజను రాలి నల్లని తారు బయటపడిన చోటులకు సున్నాలు చుట్టి లెక్కించును. లోహపు కప్పుకు సొట్టలు పడియు నీరు కారనిచో, "అందమే చెడినది, పని చెడలేదు" అని త్రోసిపుచ్చు షరతు ఉండవచ్చును.

వెలగట్టు — ఇందు తగ్గింపును కలదు. రెండంగుళముల ఉక్కుగుండును 20 అడుగుల ఎత్తు నుండి ఒకేచోట రెండుమార్లు విడిచినను పగలని షింగిలు క్లాస్ 4. అది వేయించినవారికి టెక్సాస్‌లో పలు కంపెనీలు ప్రీమియము తగ్గించును.

పాఠాంతరము: ఫ్లోరిడాలో 'వయసు చూచి' అనుదానికి హద్దు కలదు. 15 ఏళ్లు నిండని కప్పున్న ఇంటికి, కప్పు వయసొక్కటే సాకుగా బీమా నిరాకరింపరాదని 2022లో శాసనము చేసిరి.

ఫలశ్రుతి: మార్చి రాకముందే పాలసీలోని డిక్లరేషన్స్ పేజీ తీసి, పరిహారము ఏ విధము, వంతు ఎంత శాతము, షరతులేవి అని చూచుకొన్న గృహస్థునకు కొత్త కప్పు సిద్ధించునని వ్యాఖ్యాత చెప్పజాలడు. చెక్కు వచ్చిననాడు కంపెనీకి ఫోను చేసి కేకలు వేయు శ్రమ మాత్రము తప్పును.