మల్లినాథుడి ఊళ్లో మూలం లేని మాట

ఊరి పేరుకు పుట్టుక చెప్పడమంత సులువైన విద్య తెలుగునాట ఇంకొకటి లేదు. శాసనం చదవక్కర్లేదు, ఊరు చూడక్కర్లేదు. బస్సు మీది బోర్డు చూసి పేరును ఎక్కడో ఒకచోట రెండు ముక్కలు చేస్తే చాలు. ముక్కలు సంస్కృతంలా వినబడితే అది చరిత్ర. వినబడకపోతే సీతమ్మవారు చీర ఆరేసిన చోటు.

మెదక్ జిల్లా కుల్చారాన్నే తీసుకోండి. కులాచారం అక్కడే పుట్టిందని రేపొక పండితుడు వాట్సాప్‌లో తేల్చేయగలడు. నిజాం సైన్యానికి కుల్చా రొట్టెలు అక్కణ్నుంచే వెళ్లేవని ఎల్లుండి ఇంకొకడు తేల్చగలడు. ఇద్దరికీ దండాలు పెట్టేవాళ్లు దొరుకుతారు. ‘కొల్చారం అని కూడా రాస్తారు కదా, అప్పుడు ఆ కులమూ కుల్చా ఏమైనట్టు?’ అన్నవాడు మాత్రం ఊరిమీద పగబట్టినవాడు.

నిజానికి అలా అడగాల్సిన ఊరే అది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు కోలాచల. ఈ ఊరి పాత పేరు కొలిచెలమ నుంచే అది వచ్చిందని పరిశోధకులు చెబుతారు. చెలమ అంటే ఇసుకలో తవ్వుకునే నీటిగుంట. సంస్కృతం చొక్కా తొడిగేసరికి చెలమ కాస్తా అచలమైంది, గుంట కొండైంది! శబ్దాన్ని నమ్ముకుని తవ్వేవాడికి నీళ్లకు బదులు రాళ్లే దొరుకుతాయి.

మెదక్‌దీ ఇదే తంతు. కరువుకాలంలో చర్చి కట్టిస్తూ కూలీలకు మెతుకులు పెట్టారు కాబట్టి మెదక్ అయిందని ఒక కథ. చర్చి పూర్తయింది 1924లో. అంటే దాన్ని కట్టించిన పాస్నెట్ దొర అంతకుముందు పేరే లేని ఊరికి దారి అడుక్కుంటూ వచ్చాడు కాబోలు.

పాత రాతల్లో పేరెలా ఉంది, ఊరివాళ్ల నోట ఎలా పలుకుతుంది, పక్కన వాగుందా గుట్టుందా అని చూడటం చాదస్తుల పని. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్లమీద సిద్ధాంత గ్రంథమే రాశారు. పాపం, అప్పటికి వాట్సాప్ లేదు.

మూలం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మల్లినాథుడు ముందే మాటిచ్చి కలం పట్టాడు. ఆ రెండు షరతులూ పెడితే మన స్థలపురాణాల్లో నిలబడేది ఊరి పేరొక్కటే. మిగతాదంతా మన పైత్యం.