కుచ్చులంచు పద్యం: ఊర్ణాసంజీవనీ వ్యాఖ్యతో

మెదకు సీమలో కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చుకున్నాడు. ఆ మాట ఆయన నిలబెట్టుకున్నాడు గనక మనం మళ్ళీ ఇవ్వనక్కర లేదు. ఇక్కడ మూలం నాలుగు పాదాలు, ఊలు వందల గజాలు. మూలంలో లేనిది చెప్పకపోతే ఊలు మిగిలిపోతుంది.

అవతారిక: ఒకావిడ ఊలు శాలువాను నడిమి నుంచి గుండ్రంగా అల్లుకుంటూ అంచు దాకా వచ్చింది. తీగతో కలిపిన జంట సూది మీద 288 కుట్లున్నాయి. ఇక్కడ ముగిస్తే ఆ రాత్రికి నిద్ర పడుతుంది. కానీ అంచుకు కుచ్చులు పెట్టాలని బుద్ధి పుట్టింది. బుద్ధి కర్మానుసారిణి. ఆమెకు అల్లికలో తలపండిన ఒక పెద్దావిడ చెప్పిన ఉపదేశమే ఈ పద్యం. తాళపత్రాల్లో దొరికింది కాదు, కర్తా వ్యాఖ్యాతా ఒకరే. దీనివల్ల కవి హృదయం ఊహించే శ్రమ తప్పింది. కవిని పొగిడే వీలు కూడా తప్పింది.

ఆ.వె.
ఒక్క కుట్టులోన నొక్కటి గాకుండ
రెండు పుట్టవలయు దండిగాను
వరుస విడిచి మరల వరుసగా రెట్టింపఁ
గుచ్చు లంచునందు వచ్చి నిలుచు.

ప్రతిపదార్థం: ఒక్క కుట్టులోనన్ = సూది మీదున్న ప్రతి కుట్టులోనూ (ఒకే ఒక్క కుట్టులో అని అర్థం చేసుకున్నవారికి కుచ్చు కాదు, మొటిమ వస్తుంది); ఒక్కటి గాకుండన్ = మామూలుగా అల్లితే వచ్చే ఒక కుట్టుతో తృప్తి పడక; రెండు = ముందు భాగంలోంచి ఒకటి, ఆ కుట్టును సూది మీంచి జార్చకుండానే వెనక భాగంలోంచి ఇంకొకటి, వెరసి రెండు కుట్లు; పుట్టవలయున్ = పుట్టాలి; దండిగాను = సమృద్ధిగా, అనగా ఊలు ఉండలు ముందే చాలినన్ని కొని పెట్టుకొని, అన్నిటి చీటీల మీదా రంగు లాటు నంబరు ఒకటేనా అని చూసుకొని; వరుస విడిచి = ఒక వరస పెంపకం లేకుండా అల్లి; మరలన్ = మళ్ళీ; వరుసగాన్ = క్రమం తప్పకుండా; రెట్టింపన్ = రెట్టింపు చేయగా; కుచ్చులు = కుచ్చులు; అంచునందున్ = అంచులో; వచ్చి = ఎవరూ పిలవకుండానే వచ్చి; నిలుచున్ = నిలుస్తాయి.

"కుచ్చులు = కుచ్చులు" అన్నందుకు చదువరులు నవ్వవచ్చు. పెద్ద పెద్ద వ్యాఖ్యాతలందరూ తేలిక మాటకు పుటలు నింపి, కష్టమైన మాట దగ్గర "స్పష్టం" అని దాటేశారు. ఆ సంప్రదాయం ఒక్కచోటైనా పాటించాలి కదా.

తాత్పర్యం: ప్రతి కుట్టునూ రెండు చేయి. ఒక వరస ఊరుకో. మళ్ళీ రెండు చేయి. ఇలా మూడుసార్లు. ఆ పైన ఆరు వరసలు ఊరికే అల్లి ముగించు. మూడు, ఆరు అన్న లెక్కలు పద్యంలో లేవే అంటే, ఛందస్సులో పట్టలేదు.

విశేషాలు: ఈ శాలువా పుట్టుక తెలియకపోతే అంచు బోధపడదు. ఇంగ్లండులో 1910లో పుట్టి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అనే ఆచార్యురాలు 1974లో 'నిట్టర్స్ ఆల్మనాక్' అనే గ్రంథం వెలువరించింది. నెలకొక ప్రకరణం. జులై నెలకు పై శాలువా. పైన కప్పుకునేది గనక పై శాలువా అని ఒక పండితుడు వివరించబోయాడు. అది అల్పజ్ఞానం. వృత్తపు చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే పై ఇది.

ఆ ఆచార్యురాలి దర్శనం చాలా సులువైనది. వృత్తం వ్యాసార్ధం రెట్టింపైతే చుట్టుకొలతా రెట్టింపే. కాబట్టి ప్రతి చుట్టులోనూ ఇక్కడొకటి అక్కడొకటి పెంచుకుంటూ బాధపడనక్కర లేదు. 9 కుట్లతో మొదలుపెట్టు. రెట్టించు, 18. మూడు చుట్లు ఊరికే అల్లు. రెట్టించు, 36. ఆరు చుట్లు. 72 మీద 12 చుట్లు, 144 మీద 24, 288 మీద 48. కుట్లు రెట్టింపైనప్పుడల్లా తరువాతి విశ్రాంతి కూడా రెట్టింపు. ఆ విశ్రాంతి చుట్లలో పెంపకం గొడవ ఉండదు గనక మనసైన లేసు డిజైను ఏదైనా వేసుకోవచ్చు. లావు ఊలైతే భుజాలకు చాలుతుంది, సన్న ఊలైతే ఉయ్యాలలో పాపకు. నేల మీద పరిస్తే అణిగి పడుకుంటుంది.

ఇప్పుడు పద్యంలోకి రండి. 288 మీద 48 చుట్లూ పూర్తయ్యాయి. ఇక్కడొక రెట్టింపు న్యాయంగా రావలసిందే: 576. కానీ న్యాయం అంతటితో తీరదు, ఆ 576కు 96 చుట్ల నేల ఇవ్వాలి. పద్యం ఇచ్చింది ఒక్క చుట్టు. ఆ వెంటనే 1152. ఇంకొక చుట్టు. ఆ వెంటనే 2304. మొదటి రెట్టింపు హక్కు, తక్కిన రెండూ దౌర్జన్యం. 576 మందికి తగిన జాగాలోకి నాలుగింతల జనం వచ్చి పడ్డారు. పక్కకు జరిగే చోటు లేదు. ఇక మిగిలిన దారులు రెండే, పైకి లేదా కిందికి. ఒక గుంపు లేచింది, పక్క గుంపు దిగింది, ఆ పక్కది మళ్ళీ లేచింది. దాన్నే మనం కుచ్చు అంటున్నాం.

కుచ్చును అల్లినవారు లోకంలో లేరు. కుట్లు పెంచుతారు, చోటివ్వరు, అంతవరకే చేతి పని. అందుకే కవి "కుచ్చులల్లవలయు" అనలేదు, "వచ్చి నిలుచు" అన్నాడు. పద్యానికి ప్రాణం ఈ క్రియలోనే ఉంది. తక్కినదంతా, నిజం చెప్పాలంటే, లెక్క.

ఆ లెక్క కూడా చూద్దాం. శాలువా ఒంట్లో విశ్రాంతి చుట్లను కూడితే 54, 216, 864, 3456, 13,824. ప్రతిదీ ముందుదానికి నాలుగింతలు. మొత్తం 18,414 కుట్లు. కుచ్చు వైపు 2304 కుట్ల మీద ఆరంటే ఆరు చుట్లు: 13,824. ఒంట్లో చివరి 48 చుట్లు ఎన్ని కుట్లు తిన్నాయో, అంగుళమో అంగుళమున్నరో వెడల్పున్న ఈ ఆరు చుట్లూ సరిగ్గా అన్నే తింటాయి. "దండిగాను" అన్న మాట పాదం నింపడానికి వేశారనుకున్నవారు ఇప్పుడు దుకాణానికి బయలుదేరవచ్చు. ఆ లాటు అక్కడ అయిపోయి ఉంటుంది.

ఇలా ప్రతి వరసలోనూ ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే వచ్చే ముడతల తలాన్ని గణితజ్ఞులు హైపర్‌బోలిక్ తలం అంటారు. యూక్లిడ్ శాసనం దాని మీద చెల్లదు. ఒక గీతకు బయటున్న బిందువు గుండా ఆ గీతను తాకకుండా పోయే గీతలు ఎన్నయినా ఉంటాయి. 1829లో రష్యాలో లొబచెవ్‌స్కీ, 1832లో హంగరీలో బొయాయ్ ఈ సంగతి అచ్చులో పెట్టారు. చేతికి అందే నమూనా మాత్రం చాలాకాలం కాగితం ముక్కలు అతికించిందే. ముట్టుకుంటే చిరిగేది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే లాత్వియా వనిత డైనా టైమిన్యా 1997లో దాన్ని దారంతో చేసి చూపింది. ఆవిడ మొదట రెండు సూదులతోనే ప్రయత్నించింది. సూది మీద కుట్లు కిక్కిరిసి పని సాగలేదు. అప్పుడు క్రోషా కొక్కెం పట్టింది. క్రోషాలో ఎన్ని వేల కుట్లున్నా కొక్కెం మీద బతికి ఉండేది ఒక్కటే, వెనకటివన్నీ ముడిపడి ఊరుకుంటాయి. నర్సాపురం లేసు పనివారికి ఈ మాట చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. 2009లో ఆవిడ ఈ అల్లికల మీద వేసిన పుస్తకానికి ఆ ఏటి అతి విచిత్రమైన పేరుకిచ్చే బహుమతి వచ్చింది. ఈ వ్యాఖ్య పేరు కూడా పరిశీలనకు పంపదగినదే.

వ్యాకరణం: అల్లిక చీటీలు రాసేవారు చిన్నయసూరి 1858నాటి బాలవ్యాకరణం చదివి ఉండరు. అయినా దాన్ని తు.చ. తప్పక పాటిస్తారు. రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లడం పూర్వపరాలకు ఏకాదేశం. లేని చోట దారం చుట్టి కొత్త కుట్టు తేవడం ఆగమం, అది వచ్చిన చోట చిన్న కంత ఉంటుంది. సూది మీంచి జారిపోయినది లోపం, అది కింది వరసల దాకా నిచ్చెన దిగుతుంది. మన పద్యంలోని "రెండు పుట్ట" ద్విత్వం. అది కంత పెట్టదు, అడుగున చిన్న అడ్డగీత మాత్రం మిగులుస్తుంది. ఇక రెండు చుక్క గుర్తుల మధ్య రాసిన దాన్ని చుట్టంతా మళ్ళీ మళ్ళీ చేయమనడం ఆమ్రేడితం కాక మరేమిటి?

"గుచ్చు లంచమందు" అని ఒక పాఠాంతరం. గణాలు కుదురుతాయి, ప్రాసయతి చెడదు, అర్థం లోకంలో ప్రసిద్ధం. అయినా ప్రకరణానికి పొసగదు.

అలంకార విచారం: కుచ్చు అలంకారమా, గుణమా? ఇది చిన్న ప్రశ్న కాదు. హారం లాగా బయటినుంచి తెచ్చి పెట్టేది అలంకారమనీ, శౌర్యం లాగా లోపల ఉండేది గుణమనీ ఆలంకారికుల మతం. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో అల్లే శాలువాలు చూడండి. ఉన్‌స్ట్ దీవి సన్న శాలువాలు పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతాయని ప్రసిద్ధి. అక్కడి పాత పద్ధతిలో అంచును సన్నటి పట్టీలాగా అడ్డంగా, విడిగా అల్లి, దాని పక్కనుంచి కుట్లు ఎత్తుకొని లోపలికి వస్తారు. ఆ అంచుకు తన సొంత డిజైను, సొంత లెక్క. అది హారం, సందేహం లేదు. కుచ్చు అలాంటిది కాదు. ఒంట్లో ఉన్న కుట్లకు పుట్టిన కుట్లే ఇవి. విప్పి పక్కన పెడతానంటే కుదరదు. కాబట్టి గుణమని తేలుతుంది. "మరి చూసినవాళ్ళంతా ఎంత బాగా అలంకరించారు అంటారేం?" అంటే, చూసేవాళ్ళు అల్లలేదు గనక.

అవధాన ప్రకరణం: కుట్లు లెక్కపెడుతున్న మనిషి అవధాని. యాభైకొక గుర్తు రింగు వేసుకున్నా, నూట డెబ్భై మూడు దగ్గర అప్రస్తుత ప్రసంగి ప్రవేశిస్తాడు. "గ్యాసు బుక్ చేశావా?" అంటాడు. "నువ్వు వినడం లేదు" అని కూడా అంటాడు. సభలో అవధాని చమత్కారంగా బదులిచ్చి ధారణ నిలుపుకుంటాడు, చప్పట్లు పడతాయి. ఇంట్లో ధారణ పోతుంది, మళ్ళీ ఒకటి నుంచి. కుచ్చులంచులో ఒక ఊరట ఉంది, శాస్త్రాలు దీన్ని దాచిపెట్టాయి: ఒంట్లో ఒక్క కుట్టు తప్పినా లేసు వంకర పోతుంది గానీ, 2304లో ఏడెనిమిది అటూ ఇటూ అయితే కనిపెట్టే కన్ను పుట్టలేదు. ముడత అన్నిటినీ కడుపులో దాచుకుంటుంది. కనక కుచ్చు మొదలయ్యాక గ్యాసు బుక్ చేయవచ్చు.

కవి చెప్పనిది: ముగింపు వరస. బిగించి ముగిస్తే బొందు లాగిన సంచి మూతిలా అంచు ముడుచుకొని, పడ్డ శ్రమంతా లోపలికి పోతుంది. ఒక సైజు పెద్ద సూది పట్టి, వదులుగా ముగించాలి. అంగుళానికి నాలుగు కుట్ల చొప్పున అంచును సాపు చేసి కొలిస్తే 576 అంగుళాలు, అంటే 16 గజాలు. దాదాపు మూడు చీరల పొడవు. ముగించే దారం అంచు పొడవుకు మూడు నాలుగింతలు పడుతుంది. ఉండలో 60 గజాలకు పైగా లేకుండా ముగింపు మొదలుపెట్టినవారు మూడో చీర కొంగు దగ్గర ఆగిపోతారు. తరువాత శాలువాను నీళ్ళలో నానబెట్టి, తువ్వాలులో ఒత్తి, ఒంటిని మాత్రమే లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టాలి. కుచ్చును లాగి గుచ్చరాదు.

పూర్వపక్షం: "రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే దేశంలో ఊలు శాలువా ఎందుకు, దానికి కుచ్చులెందుకు? పోనీ నూలుతో అల్లరాదా?"

సమాధానం: నూలుకు సాగి మళ్ళీ ముడుచుకునే గుణం తక్కువ, బరువు ఎక్కువ. కుచ్చు వచ్చినా నిలవదు, వేలాడుతుంది. పద్యంలో చివరి క్రియ అబద్ధమైపోతుంది. ఇక ఎండ సంగతి. తెలుగుదేశంలో శాలువా చలికి కప్పుకునేది అని ఎవరు చెప్పారు? వేదిక మీద ఫొటో పడే దాకా భుజాన ఉండి, దిగగానే మడతలో చేరి, బీరువాలో సాటి శాలువాల మీద కూర్చొని, మరో ఊళ్ళో మరో కవి భుజం దాకా ప్రయాణం చేసేదాన్ని మనం శాలువా అంటాం. ఆ ప్రయాణానికంతా మూలం మడత. కుచ్చులంచు శాలువా మడతకు లొంగదు. నాలుగు మడతలు వేస్తే దిండవుతుంది, కవరులో పెడితే కవరు మూత పడదు. దీన్ని కప్పించుకున్న కవి ఇంకొకరికి కప్పలేడు. ఉంచుకోవలసిందే.