ముప్పై అడుగుల వీధికి ప్రమోషన్

ఈ వారం హైదరాబాద్‌లో ఓ కాలనీ వీధికి ప్రమోషన్ వచ్చింది. ఉత్తర్వును ట్రాఫిక్ సూచన రూపంలో అందరూ పేపర్లో చూసే ఉంటారు. మెయిన్ రోడ్డు మీద పనులు జరుగుతున్నాయి గనక వాహనదారులు కాలనీ లోపలి రోడ్ల మీదుగా వెళ్లి సహకరించాలట. సర్కారు కొలువులో ప్రమోషన్ ఇష్టం లేని ఉద్యోగి వద్దనొచ్చు. వీధిని మాత్రం ఎవరూ అడగలేదు.

రోడ్ల సర్వీసు రూల్స్‌ని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1977లోనే రాసిపెట్టింది. అట్టడుగున లోకల్ వీధి, 10 నుంచి 20 మీటర్ల వెడల్పు. దానిపైన కలెక్టర్, 20 నుంచి 30. ఆపైన సబ్ ఆర్టీరియల్, 30 నుంచి 40. అందరికంటే పైన 50, 60 మీటర్ల ఆర్టీరియల్ దొరగారు. మన ముప్పై అడుగుల వీధి కొలిస్తే 9 మీటర్లు. అంటే అటెండరు పోస్టుకే ఒక మీటరు అర్హత తక్కువ! 2020 నాటి లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కూడా ఆ 9 మీటర్లు చాలని సర్దుకుపోయింది. అలాంటి బడుగు ఉద్యోగిని ఇప్పుడు ఏకంగా కలెక్టర్‌ని చేసి కూర్చోబెట్టారు. ఇంటర్వ్యూ లేదు, సీనియారిటీ లిస్టు లేదు. దానికున్న అర్హతల్లా రెండు కొసలూ మెయిన్ రోడ్డుకి తగలడమే. పక్క వీధి డెడ్ ఎండ్ కాబట్టి బతికిపోయింది.

హోదా పెరిగింది గానీ జీతం అడుగు కూడా పెరగలేదు.

లెక్క చూడండి. రోడ్స్ కాంగ్రెస్ 2012 నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. రెండువైపులా కలిపి పన్నెండు. చెరో పక్క ఆగిన కార్లకు మరో పన్నెండు. మిగిలేది ఆరడుగులు. అందులోంచి ఎనిమిదడుగుల వాటర్ ట్యాంకర్ వెళ్లాలి, ఎదురుగా స్కూలు బస్సు రావాలి. ఈ చిక్కును అధికారులు చిటికెలో విప్పేశారు: ఫుట్‌పాత్ పోస్టునే రద్దు చేశారు.

కలెక్టర్ గారు చార్జి తీసుకున్న రోజే కానుగ చెట్టు కింది ఇస్త్రీ బండి బదిలీ అయిపోయింది. పొద్దున ఆరింటికి వేసిన ముగ్గు మీదుగా ఆరుంబావుకి టైర్లు పోయాయి. పిల్లలు వికెట్లుగా పేర్చుకున్న ఇటుకలు గోడవారకు చేరాయి.

"మీ వీధికి విలువ పెరుగుతుందమ్మా" అన్నాడు కొలతలకొచ్చిన ఉద్యోగి.

"పెరగనీ నాయనా, ఎదురుగా ఉన్న పాలబూత్‌కి నేనెట్లా పోవాలో అది చెప్పు" అంది ఓ పెద్దావిడ.

జవాబు రాలేదు గనక కాలనీ సంఘమే రంగంలోకి దిగి, ఎవరింట్లోనో స్లాబు వేయగా మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి స్పీడ్ బ్రేకర్ పోసింది. రూల్ ప్రకారం హంప్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో వాలుగా ఉండాలి. ఇది మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు. కారెక్కితే అడుగు గీరుకుంటుంది, స్కూటరెక్కితే నడుం విరుగుతుంది. అయినా కలెక్టర్ గారికి దక్కిన ఏకైక బంట్రోతు అదే!

ఇక వెటకారం చాలు. గ్రేటర్ పరిధిలో కాలనీ రోడ్ల మీద గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2023లో ప్రభుత్వమే చెప్పింది. బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. దారి ఇరుకు చేసి, మలుపులు బిగించి, జనం దాటే చోట రోడ్డును ఎత్తు చేస్తే తగ్గుతుంది. అవేవీ చేయకుండా, మెయిన్ రోడ్డును నడపలేని శాఖలు ఆ రద్దీనంతా తెచ్చి ఇళ్ల గుమ్మాల ముందు పారబోస్తున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. రోడ్డు డిజైన్‌లోనో, నిర్మాణంలోనో, నిర్వహణలోనో ప్రమాణాలు పాటించక ఎవరైనా చచ్చిపోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని మోటారు వాహనాల చట్టం 198-ఎ సెక్షన్ చెబుతోంది. ప్రాణం ఖరీదు లక్షేనా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. బడి వదిలే వేళకు ఈ వీధిలోకి లారీని పంపేముందు, ఆ సెక్షన్ కింద ఎవరి పేరు రాయాలో చెప్పండి.