రాళ్ల దంపతులు

కొండాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా ఇలాంటి జంట ఒకటి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం లిఫ్టులోంచి ముందు ఆయన దిగుతాడు, వీపు మీద మడత పరుపుతో. వెనకాల ఆవిడ, భుజాన తాడు చుట్ట, చేతిలో పులిహోర డబ్బా. కొత్త వాచ్‌మన్ అయితే పరుగెత్తుకొచ్చి "సార్, ఫ్లాట్ ఖాళీ చేస్తున్నరా? ఓనర్‌కి చెప్పిన్రా?" అని అడ్డం నిలబడతాడు. పాత వాచ్‌మన్ కుర్చీలోంచి లేవడు. "రాళ్లకి పోతున్నరు, పోనియ్యి" అంటాడు.

వీళ్లుంటున్న అపార్ట్‌మెంట్ కూడా ఒకప్పుడు గుట్టే. జిలెటిన్ పెట్టి పేల్చి, కంకర కొట్టి, ఆ గోతిలో మూడంతస్తుల పార్కింగ్ కట్టారు. గుట్ట జ్ఞాపకార్థం లాబీలో ఫైబర్ రాయి ఒకటి పెట్టి దాని మీద నీళ్లు జారవిడిచారు. హైదరాబాద్ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాళ్లని బతకనివ్వండి మొర్రో అని సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. ఆయనకి ఇవన్నీ తెలుసు. లాబీలో ఫైబర్ రాయి పక్కనే నిలబడి, కళ్లు చెమర్చేలా చెబుతాడు. కానీ సెలవు పెట్టి ఎక్కాలంటే మాత్రం రాయి మూడు వందల డెబ్బై కిలోమీటర్ల దూరంలో, హంపిలో ఉండాలి. ఖాజాగూడ గుట్ట ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తుంది. రోజూ కనిపించేదాన్ని ఎక్కితే వెకేషన్ ఎలా అవుతుంది?

ఇద్దరిలో చెప్పేది ఆయన, ఎక్కేది ఆవిడ. ఈ సంగతి బయటివాళ్లకి అర్థం కావడానికి కాస్త టైము పడుతుంది, ఎందుకంటే ఆయన చెప్పడం ఆపడు.

ఆయన ప్రేమంతా సామాను మీద. బెడ్‌రూమ్‌లో ఒక అలమారా నిండా కొక్కేలు, పట్టీలు, రంగురంగుల తాళ్లు. ఆదివారం ఆదివారం బయటికి తీసి, తుడిచి, లెక్కపెట్టి, మళ్లీ లోపల పెడతాడు. మా నాయనమ్మ వెండి సామాను విషయంలో అచ్చం ఇంతే. బూట్లు కాలి సైజు కన్నా ఒకటిన్నర సైజు తక్కువవి కొంటాడు. వేళ్లన్నీ లోపల ముడుచుకుపోయి, బొటనవేలు ఒక్కటే ముక్కులో బిగుసుకుని, రాతి మీద గోరంత అంచు దొరికినా నిలబడాలట. నిలబడొచ్చు, నిజమే. నడవడమే కుదరదు. కింద పడ్డాక దెబ్బ తగిలిందా అని ఎవరైనా అడిగితే ముందు బూట్లు విప్పుతాడు.

నడుముకి వెనక వేలాడే సంచిలో తెల్లపొడి ఉంటుంది. మెగ్నీషియం కార్బొనేట్, చేతి చెమట పీల్చడానికి. ఒక గృహప్రవేశంలో వాళ్ల మేనత్త ఫోన్‌లో ఫొటో చూసి, "విభూతి సంచి కట్టుకుని మరీ ఎక్కుతున్నాడు, వీడికి భక్తి ఎక్కువే" అని మెచ్చుకుంది. ఈయన ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. జిమ్నాస్టిక్స్ వాళ్లు వాడే ఈ పొడిని 1950లలో జాన్ గిల్ అనే అమెరికన్ రాళ్ల మీదికి తెచ్చాడనీ, ఆ గిల్ తర్వాత గణితం ప్రొఫెసర్ అయ్యాడనీ అందుకున్నాడు. మేనత్త "లెక్కల మాస్టారా!" అని చేతులు జోడించి, ఈ బంతికి గారెలు రాలేదని అటు తిరిగి కేకేసింది.

రాళ్లెక్కేవాళ్ల ప్రాణం వేళ్ల కొసల్లో ఉంటుంది. హంపి గ్రానైటు గరుకుకి రెండు రోజుల్లో చర్మం పల్చబడి గులాబీ రంగుకి వస్తుంది. ఫోను కూడా వేలిముద్ర పోల్చుకోదు. అందుకని ట్రిప్పుకి పది రోజుల ముందు నుంచే ఆయన జాగ్రత్తలు మొదలు. రాత్రిళ్లు మైనం కలిసిన క్రీము రాస్తాడు. కాయ కట్టిన చోట గరుకు కాగితంతో టీవీ చూస్తూ అరగదీస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలో చెయ్యి పెట్టడు. నానితే చర్మం మెత్తబడుతుంది, మెత్తబడితే చిరుగుతుంది. కాబట్టి గిన్నెలు తోమడం నిషిద్ధం. ఈ శాస్త్రాన్ని పెళ్లైన కొత్తలో ఆవిడకి విడమరిచి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా వింది. ఆ పై నెల నుంచి తనూ రాళ్లెక్కడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరివీ విలువైన చర్మాలే. ట్రిప్పు ముందు వారం పనమ్మాయి నాగా పెట్టిందంటే సింకు అంచు దాటి గిన్నెలు పేరుకుంటాయి. ఇద్దరూ చెరో సోఫాలో కూర్చుని, పది వేళ్లూ విడదీసి పట్టుకుని, బయటి నుంచి తెప్పించిన బిర్యానీని చెంచాలతో తింటూ ఉంటారు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీళ్ల సీజన్. ఎండాకాలం రాయి కాలుతుంది, వానాకాలం జారుతుంది. కొన్ని పెళ్లి ముహూర్తాలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి, బంధువుల్లో సగం మందికి వీళ్ల మీద కోపం అందుకే.

ఒక జనవరిలో పక్కింటివాణ్నని నన్నూ హంపి తీసుకెళ్లారు, సామానుకి కాపలాగా. రాయచూరు, గంగావతి దాటి మొదటి గుండ్ల గుట్ట కనిపించగానే ఆయన స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నిట్టూర్చాడు. "అసలు హంపి అంటే 2020కి ముందు చూడాలండీ! విరూపాపుర గడ్డి ఉన్నప్పుడు!" తుంగభద్రకి అవతలి ఒడ్డున ఉండే ఆ గెస్ట్‌హౌసుల్ని సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో కూల్చేసిన మాట నిజమే. ఆయన హంపి మొహం చూసింది మాత్రం 2022లో. 2003లో క్రిస్ షర్మా అనే అమెరికన్ కుర్రాడు ఇక్కడి గుండ్లెక్కగా తీసిన 'పిల్‌గ్రిమేజ్' సినిమా గురించి కూడా ఆయన కళ్లతో చూసినట్టే చెబుతాడు. అప్పటికి ఈయన ఏలూరులో ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ బ్యాచి.

హంపి దగ్గరి ఆనెగొంది పరిసరాలని కిష్కింధ అంటారు. హనుమంతుడు పుట్టిన అంజనాద్రి ఇదేనని ఇక్కడివాళ్లూ, కాదు తిరుమలలోనిదేనని 2021లో టీటీడీ వాళ్లూ. అక్కడి కోతులకి ఈ తగాదా పట్టదు. మన ఆయనగారు ఒక గుండు ముందు నిలబడి, ఏ వేలు ఏ పగుల్లో దూర్చాలో, ఏ మడమ ఎక్కడ తగిలించాలో గాల్లో అభినయిస్తూ ముప్పావు గంట గడిపాడు. దీన్ని వీళ్ల భాషలో బీటా అంటారు. ఈలోగా ఒక తల్లి కోతి, పొట్టకి పిల్లతో సహా, ఆ గుండే ఎక్కి పైన కూర్చుని, ఆయన ఎనర్జీ బారు విప్పింది. కొరికింది. పారేసింది. (నేనూ తిని చూశాను. కోతిది సరైన నిర్ణయం. అదే డబ్బుకి పల్లీ చిక్కీ కిలో వస్తుంది.) "దాని బీటా చూశారా!" అన్నాడాయన పరవశంగా.

తర్వాత ఆవిడ ఎక్కింది. కింద పరుపు వేసి, రెండు చేతులూ పైకెత్తి, పడితే పరుపు మీదికి మళ్లించడానికి ఆయన నిలబడ్డాడు. "కుడికాలు! కుడికాలు పైకి! అది కాదు, పైది!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆవిడ ఎడమకాలు వేసి పైకి చేరింది. "చూశారా, నేను చెప్పినట్టు చేస్తే ఎంత తేలికో" అన్నాడు నాతో.

ఆ రాత్రికి మకాం ఒక తోటలో. గుడారం, గాల్లోకి విసిరితే రెండు సెకన్లలో తెరుచుకునే రకం. విసరడం ఆయన శాఖ. తోట యజమాని పిల్లలు చప్పట్లు కొట్టేదాకా మళ్లీ మళ్లీ విసిరాడు. మడవడం గురించి ఆ రెండు సెకన్లలో ఏమీ ఉండదు. మర్నాడు పొద్దున ఆయన దాన్ని అప్పడంలా నొక్కి, ఎనిమిది అంకెలా మెలితిప్పి, పైచుట్టుని కింది చుట్టులోకి తోసి, మోకాలితో అదిమిపెట్టి, పట్టీ కోసం చెయ్యి చాచాడు. ఆ చాచిన క్షణంలో గుడారం లేచి ఆయన్ని లోపలేసుకుంది. వీడియో చూద్దామంటే సిగ్నల్ లేదు. ఆవిడ టీ పూర్తిగా తాగి, గ్లాసు కడగకుండా పక్కన పెట్టి వచ్చి, ఒక మోకాలు ఆనించి, ఒక తిప్పు తిప్పింది. గుడారం సంచిలోకి వెళ్లిపోయింది. ఆయన నాతో "మొదటి సగం నేను చేశాను కదా, అందుకే" అన్నాడు.

రాత్రి సంగతి ముందే చెప్పాల్సింది. అర్ధరాత్రి వాళ్ల గుడారం పక్కన ఏదో గరగరమని రాసుకుంది. ఆయన గొంతు తగ్గించి, దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం ఇక్కడికి దగ్గరేననీ, 1994 నుంచీ ఉందనీ, ఎలుగు ఎదురైతే పరుగెత్తకూడదనీ చెప్పడం నా గుడారంలోకి స్పష్టంగా వినిపించింది. కాసేపటికి ఆవిడ గొంతు: "ఎలుగుబంటి మెడలో గంట ఉంటుందా?"

సిగ్నల్ కోసం ఆయన ఒక గుండు మీదికి, వెనకవైపు నుంచి నడిచి, వెళ్తాడు. అక్కడి నుంచి ఏలూరులో అమ్మకి ఫోను. స్పీకర్ పెట్టడం అలవాటు కాబట్టి తోటంతా వింటుంది. "ఏరా, వెనకవైపు నడకదారి ఉందంటున్నావు, మరి ముందువైపు నుంచి దేకడమెందుకురా?" దీనికి సమాధానం నాక్కూడా కావాలి, ఆయన చెప్పలేదు. "మీ తాత తాడెక్కితే కుండెడు కల్లు దింపేవాడు. నువ్వెక్కి ఏం దింపుతున్నావు?" తెలంగాణలో 2024 నుంచి గీత కార్మికులకి కూడా నడుముకి బెల్టూ తాడూ ఉన్న కాటమయ్య రక్షణ కవచం ఇస్తున్నారు, ఇదీ అలాంటిదేనమ్మా అని ఆయన గౌరవం నిలబెట్టుకోబోయాడు. "వాళ్లకి గవర్నమెంటు ఇస్తోంది. నువ్వు కొనుక్కుంటున్నావు" అంది వాళ్లమ్మ.

హంపిలో గుండ్లు చిన్నవి, తాడు అక్కర్లేదు. తాడు పని బాదామిలో, అక్కడికీ వెళ్లాం. ఎర్రటి ఇసుకరాతి గోడలు, మధ్యమధ్య దిగ్గొట్టిన బోల్టులు. బాదామి చాళుక్యుల రాజధాని కదా, పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగి వెళ్లి ఏలాడు కదా, ఈయనది ఏలూరు కదా! జొన్నరొట్టెల హోటలాయనతో "మేం తమ్ముడి వైపు వాళ్లం" అని పరిచయం చేసుకున్నాడు. రొట్టె ధర తగ్గలేదు.

ఇక్కడే వీళ్ల సంసారంలో ఒక విచిత్రం చూశాను. అత్తగారి ముందు ఆవిడ ఆయన్ని మీరు అంటుంది. ఇంట్లో నువ్వు. ఆవిడ గోడ మీద, ఆయన కింద తాడు పట్టుకుని ఉన్నంతసేపూ ఇద్దరి మధ్యా రెండే మాటలు. తాడు బిగించాలంటే "టేక్", వదలాలంటే "స్లాక్". ఆవిడ "టేక్" అనడం ఆలస్యం, ఎందుకని అడక్కుండా, ముందే చెప్పానా అనకుండా, ఆయన బిగిస్తాడు. పక్కింటివాణ్ని, ఈ మాత్రం విధేయత గోడ ఇవతల నుంచి నేనెప్పుడూ వినలేదు.

ఆయన వంతు వచ్చింది. ఆయన 84 కిలోలు, ఆవిడ 50. ఇంత తేడా ఉన్నప్పుడు మొదటి బోల్టుకి తగిలించి తాడు ఒరిపిడి పెంచే పరికరం ఒకటి దొరుకుతుంది. అలమారాలో అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. కొంటే బరువు ఒప్పుకున్నట్టవుతుంది. మూడో బోల్టు దగ్గర, చెయ్యి ఎక్కడ వేయాలో మాకందరికీ పైనుంచి వివరిస్తూ, ఆయన పడ్డాడు. ఆయన దిగాడు, ఆవిడ లేచింది. మొదటి బోల్టు దగ్గర, గాల్లో, దంపతులిద్దరూ ఎదురెదురుగా ఆగారు.

"గ్యాస్ కట్టేశావా వచ్చేటప్పుడు?" అంది ఆవిడ.

ఆయన ఆలోచించాడు. "కట్టాననే అనుకుంటున్నా."

"వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యి."

ఇలాంటప్పుడు బరువైనవాడు నేలకి ఆనేదాకా తేలికైనవాళ్లు పైనే ఉండాలి. ఆవిడ తాడు వదులుతుంటే ఆయన మెల్లగా కిందికొచ్చి నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు కూడా. అంతలో పక్క గోడ దగ్గరున్న పుణె కుర్రాళ్లు ఇదంతా ఎలా జరిగిందని అడిగారు. ఫోను పట్టుకున్న చేత్తోనే పైకి చూపిస్తూ, ఇద్దరి బరువుల నిష్పత్తీ, ఒరిపిడీ, తాడు సాగే గుణం వరుసగా వివరించడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ముందు ఫోన్ చెయ్యరా!" అంది ఆవిడ, పైన వేలాడుతూ.