నన్ను ఇంకొకరికి కూడా చూపించండి

నేను పంటి ఎక్స్‌రేని. మా పాత తరం ఫిల్ము ముక్కలు 31 మిల్లీమీటర్ల వెడల్పు, 41 మిల్లీమీటర్ల పొడవు ఉండేవి. నోట్లో పట్టాలి కాబట్టి అంతకు మించి పెరగడానికి వీల్లేదు. ఫిల్ముకి ఒక మూల వేలికి తగిలే చిన్న బొడిపె ఉంటుంది. అది ఎటువైపు ఉబ్బి ఉందో చూసి కుడి దవడో ఎడమ దవడో పోల్చుకుంటారు. ఇప్పుడు చాలా క్లినిక్కుల్లో నాకు ఫిల్ము ఒళ్లు లేదు. తీగ చివర ఉన్న సెన్సర్ మీద పడి, క్షణాల్లో కంప్యూటర్ తెర మీద తేలతాను. ఆర్‌వీజీ అంటారు నన్ను. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెడితే, 1896 జనవరికల్లా ఆ దేశపు దంతవైద్యుడు ఒట్టో వాల్కాఫ్ తన నోట్లోనే ఫొటో పలక పెట్టుకుని, 25 నిమిషాలు కిరణాల ముందు ఉండి మా వంశంలో మొదటి బొమ్మను తీశాడు. కంటికి ఆనని చోట ఏం జరుగుతోందో చూపడం అప్పటినుంచి మా పని. ఆ పనిని ఇష్టంగానే చేస్తాను. కానీ కొత్త పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషికి నన్ను తెర మీద చూపించి, నాలుగు ఫిల్లింగులు, రెండు రూట్ కెనాళ్లు, రెండు క్యాపులు అని చీటీ రాసినప్పుడు, ఆ మనిషి నన్ను చూసి ‘ఎక్స్‌రేలోనే ఉంది కదా’ అని తలాడించేస్తాడు. అక్కడే నాకు ఆందోళన. నాలో ఉన్నది నీడ. ఆ నీడకి అర్థం చెప్పేది మనిషి. కోస్తే మళ్లీ రాని పంటిమీద చెయ్యి వేసేముందు, ఆ అర్థం సరైనదో కాదో ఇంకొక మనిషిని అడగడం అనుమానం కాదు, అవసరం. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ ఎందుకో వివరంగా చెప్పాలి.

నన్ను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. అన్నిటికంటే తెల్లగా ఉన్నది పంటి పైపొర ఎనామిల్. దాని కింద కాస్త బూడిదరంగులో డెంటిన్, మధ్యలో నల్లటి సన్న దారిలా నరం ఉండే గది. వేరు చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత, దాన్ని ఆనుకుని అంతే సన్నని తెల్ల గీత. నల్లది పంటిని ఎముకకి కట్టి ఉంచే నారపొర, తెల్లది ఆ ఎముక గోడ. నరం చచ్చిపోయి చీము ఎముకలోకి దిగితే వేరు కొసన ఆ తెల్ల గీత తెగి, నల్లటి మచ్చ పరుచుకుంటుంది. చదవడం వచ్చినవాళ్లకి ఇదంతా తేటగానే ఉంటుంది. చిక్కంతా మిగతా నీడలతోనే. పంటి మెడ దగ్గర, ఎనామిల్ అయిపోయి ఎముక ఇంకా మొదలుకాని చోట, కిరణాలు ఎక్కువగా దూసుకుపోతాయి. అక్కడ పుచ్చు లేకపోయినా పుచ్చులాగే నల్లబడతాను. పాతకాలపు తెల్ల ఫిల్లింగుల్లో కొన్ని కిరణాలను ఆపవు కాబట్టి అవీ నాలో రంధ్రాల్లాగే కనపడతాయి. కింది దవడలో పెదవికి వెళ్లే నరం బయటికి వచ్చే సహజమైన కన్నం ఒకటుంది. ట్యూబు పెట్టిన కోణాన్ని బట్టి అది సరిగ్గా చిన్న దంతం వేరు కొసన వచ్చి కూర్చుంటే, అచ్చం చీముగడ్డలా ఉంటుంది. ఇటువైపు పొరపాట్లు ఇలా ఉంటే అటువైపువీ ఉన్నాయి. పంటిలోని ఖనిజం 30, 40 శాతం కరిగిపోతే గానీ పుచ్చు నాలో కనిపించదు. అంటే లేని జబ్బుని చూపగలను, ఉన్న జబ్బుని దాచగలను. అన్నిటికంటే ముఖ్యం, నరం బతికుందో లేదో నేను చెప్పలేను. అది చెప్పేది చల్లటి పదార్థం తాకించి చేసే పరీక్ష. దానికి తోడు పంటిని తట్టి చూడాలి, చిగురు లోతు కొలవాలి. వీటిలో ఏదీ చేయకుండా నన్ను ఒక్కదాన్నే చూసి రూట్ కెనాల్ అన్నారంటే, నేను మొయ్యలేని బరువు నా మీద పెట్టారన్నమాట.

ఇది నా భయం మాత్రమే కాదు, పరీక్షించి చూసిన సంగతి. స్కాట్లండులో ఎల్డర్టన్, నటల్ అనే ఇద్దరు దంత పరిశోధకులు 18 మంది యువతీయువకులను 15 మంది డెంటిస్టులకి విడివిడిగా చూపించారు. 1983లో అచ్చయిన ఆ ఫలితాల్లో, అవే నోళ్లకి ఒక డాక్టరు వేసిన వైద్యం లెక్కకీ ఇంకొకరి లెక్కకీ మధ్య తేడా కొన్ని రెట్లు ఉంది. 1997లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక తరఫున ఒక విలేఖరి అమెరికాలో 28 రాష్ట్రాల్లో 50 మంది డెంటిస్టులకి తన పళ్లు చూపించుకుంటే, 500 డాలర్లకి లోపు నుంచి దాదాపు 30 వేల డాలర్ల దాకా చెప్పారు. ఒకే నోటికి! పత్రిక కథనాన్ని పక్కన పెట్టినా, స్విట్జర్లండులోని జ్యూరిక్ ప్రాంతంలో జరిగిన ప్రయోగాన్ని పక్కన పెట్టలేం. వైద్యం ఏమీ అక్కర్లేని ఒక మనిషిని ఆర్థికశాస్త్ర పరిశోధకులు 180 మంది డెంటిస్టుల దగ్గరికి పంపారు. నాలుగింట ఒకటి కంటే ఎక్కువ సందర్భాల్లో అక్కర్లేని వైద్యం చెయ్యాలన్నారు. దాని ఫలితాల్లో నన్ను నిలబెట్టేసినవి రెండు. రోగుల తాకిడి తక్కువగా ఉన్న క్లినిక్కుల్లో అక్కర్లేని వైద్యం ఎక్కువగా చెప్పారు. చూడటానికి కలిగినవాడిలా కనిపించినప్పటి కంటే లేనివాడిలా కనిపించినప్పుడు ఎక్కువగా చెప్పారు. ఎదురు ప్రశ్న వేయడని, ఇంకొకరి దగ్గరికి వెళ్లడని ఎవరిని అనుకుంటారో వాళ్లకే సెకండ్ ఒపీనియన్ అవసరం ఎక్కువన్నమాట.

అయితే దీన్ని పట్టుకుని పళ్ల డాక్టర్లంతా డబ్బు మనుషులంటే నేను ఒప్పుకోను. కుర్చీకి, యంత్రానికి, స్టెరిలైజేషన్‌కి, సిబ్బందికి అయ్యే ఖర్చు నిజం. నిజాయితీపరులైన ఇద్దరు డాక్టర్లు నన్ను చూసి రెండు మాటలు చెప్పడానికి చదువు కారణం కావచ్చు, చదివిన కాలం కారణం కావచ్చు. ఎనామిల్ వరకే ఆగిన పుచ్చుని వెంటనే తవ్వి నింపాలని పాతరోజుల్లో నేర్పేవారు. పైపొర చితకనంత వరకు ఫ్లోరైడ్‌తో, శుభ్రతతో, తీపి తినే వేళలు తగ్గించడంతో దాన్ని ఆపవచ్చని, వెనక్కి కూడా తిప్పవచ్చని ఇప్పుడు నేర్పుతున్నారు. జబ్బుని వదిలేస్తానేమోనన్న భయం ఉన్న డాక్టరు ఒకవైపు తూగుతాడు, పంటిని అనవసరంగా కోస్తానేమోనన్న భయం ఉన్న డాక్టరు ఇంకోవైపు తూగుతాడు. ఈ తేడా మోసంలోంచి వస్తే ఒకలాగ, వివేకంలోంచి వస్తే ఒకలాగ చూడనక్కర్లేదు. రోగికి రెండిట్లోనూ మందు ఒకటే, రెండో జత కళ్లు.

మరి డాక్టరు కొత్తవాడైనప్పుడే ఎందుకు అంత పట్టు? ఎందుకంటే కొత్త డాక్టరుకి ఆ నోటి చరిత్ర తెలియదు. ఇంగ్లండ్, వేల్స్ ప్రభుత్వ దంతవైద్య రికార్డులను ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లు, రోగి డాక్టరుని మార్చినప్పుడు పాత ఫిల్లింగుకి మళ్లీ పని చెప్పడం పెరుగుతుందని గమనించారు. పాత డాక్టరు తన చేత్తో పెట్టిన ఫిల్లింగు అంచుని ‘పదేళ్లుగా ఇలాగే ఉంది’ అని వదిలేస్తాడు. కొత్తాయనకి అదే అంచు చెడిపోయినట్టు కనపడుతుంది. చిన్న ఫిల్లింగు తీసి పెట్టిన ప్రతిసారీ పక్కనున్న మంచి పన్ను కొంత పోతుంది. చిన్నది పెద్దదవుతుంది, పెద్దది నరం దాకా వెళుతుంది, రూట్ కెనాల్ చేసి క్యాపు వేస్తారు, చివరికి వేరు చిట్లితే పీకడమే. ఎనామిల్‌ని కట్టే జీవకణాలు పన్ను నోట్లోకి వచ్చేనాటికే అంతరించిపోతాయి. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే కలుస్తుంది, కోసిన ఎనామిల్ మాత్రం తిరిగి రాదు. తిరిగిరాని పనికి ఒక వారం ఆలోచన ఎక్కువేమీ కాదు.

వారం ఆగితే ముదురుతుంది కదా అంటారు. నిజమే, ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బ తగిలి పన్ను ఊడి చేతిలోకి వస్తే నిమిషాలే లెక్క. రాత్రిళ్లు నిద్రపట్టని పోటు ఉంటే ముందు ఆ నొప్పి తీయించుకోవాలి. పంటిని తెరిచి నొప్పి తగ్గించడం ఒక పని, దాంతోపాటు చీటీలో రాసిన మిగతా పళ్ల పని ఇంకొకటి. ఆ మిగతావాటికి తొందరేమీ ఉండదు. నొప్పిలేని చోట ఏళ్లు పట్టి పెరిగిన పుచ్చు ఈ వారం రోజుల్లో కొంప ముంచదు.

దీన్ని సాకుగా తీసుకుని అసలు వైద్యమే మానేసేవాళ్లున్నారని డాక్టర్లు బాధపడతారు. ఆ బాధలో న్యాయం ఉంది. ‘నొప్పి లేదు కదా’ అన్న మాట నేను ఒప్పుకోలేనిది. నరం చచ్చిన పన్ను నెలల తరబడి నొప్పి పెట్టదు, వేరు కొసన నల్లమచ్చ మాత్రం నాలో పెరుగుతూనే ఉంటుంది. చిగుళ్ల జబ్బులో ఎముక నిశ్శబ్దంగా కిందికి జారిపోతుంది. సెకండ్ ఒపీనియన్ అంటే ‘వద్దు’ అనే డాక్టరు దొరికేదాకా తిరగడం కాదు. రెండో డాక్టరు కూడా రూట్ కెనాలే అంటే, ఆ మనిషి కుర్చీలో ఇంకాస్త ధైర్యంగా కూర్చుంటాడు. మొదటి డాక్టరుకి అందులో మేలే తప్ప అవమానం లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించి, కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకి పంపిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్ హక్కూ ఉంది, రికార్డులు పొందే హక్కూ ఉంది. ‘డాక్టరుగారేమనుకుంటారో’ అన్న మొహమాటం మనవాళ్లకి ఎక్కువ. ‘సర్, ఎక్స్‌రే కాపీ ఇప్పించండి, ఇంట్లో మాట్లాడుకుని వస్తాం’ అంటే చాలు.

రెండో డాక్టరు మాత్రం తన బేరం చూసుకోడా అన్నది గట్టి అభ్యంతరం. చూసుకోవచ్చు. అందుకే అడిగే తీరు ముఖ్యం. కన్సల్టేషన్ ఫీజు కట్టి, వైద్యం ఇక్కడ చేయించుకోబోవడం లేదని ముందే చెప్పాలి. మొదటాయన చీటీని జేబులోనే ఉంచి, నన్ను మాత్రం ఇచ్చి, ‘చూసి చెప్పండి’ అనాలి. ఏం చెప్పారో ముందే తెలిస్తే ఎంతటి మంచి కన్నయినా ఆ మాట వైపే వెతుకుతుంది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. అక్కడ క్యూ పెద్దది, ఒక పూట పోవచ్చు. కానీ ఎన్ని పళ్లకి పని చెబితే అంత ఆదాయం అనే లెక్క అక్కడ చూసేవాళ్లకి ఉండదు. ఇద్దరి మాటా కలవకపోతే ఎవరిది గెలిచిందని చూడకుండా, ఒక్కొక్క పంటికీ ‘ఎక్స్‌రేలో ఏం కనిపించింది, నోట్లో ఏ పరీక్ష చేశారు, ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది’ అని అడగాలి. వీటికి ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టరు చాలామటుకు సరైన డాక్టరే.

వెంటనే పని చేయించేసుకోవాలనే తొందర మరీ ఎక్కువగా ఉండేది సెలవుల్లో ఇంటికొచ్చే ప్రవాసులకి. అమెరికాలో చాలా డెంటల్ బీమాలు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్లకి మించి ఇవ్వవు కాబట్టి, పళ్లపనంతా డిసెంబరులో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టుకుంటారు. మూడు వారాల సెలవు, మధ్యలో పెళ్లి, తిరుపతి ప్రయాణం. కొత్త డాక్టరు, పెద్ద చీటీ, ఆలోచించడానికి వ్యవధి లేదు. వాళ్లు విమానం ఎక్కకముందే అక్కడి క్లినిక్ నుంచి నన్ను తెప్పించుకుని ఇక్కడ ఇద్దరికి పంపితే సగం సమస్య తీరుతుంది. ఒక్క జాగ్రత్త. కాగితం మీద అచ్చేసిన నన్ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే నా బూడిదరంగు ఛాయలన్నీ చెరిగిపోతాయి. తేడాలన్నీ ఉండేది ఆ ఛాయల్లోనే. అసలు డిజిటల్ ఫైలుని ఈమెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో అడగాలి. ఫైలు ఉంటే మళ్లీ కొత్త ఎక్స్‌రే తీయాల్సిన పని చాలాసార్లు పడదు. మాలో ఒక్క చిన్నదాని రేడియేషన్ చాలా తక్కువే, ఒంటికి ప్రకృతిలో ఒకటి రెండు రోజుల్లో తగిలేదాన్ని మించదు. అయినా అవసరం లేనిది తక్కువైనా అవసరం లేనిదే.

పాత డాక్టరు దగ్గర ఉన్న పాత ఎక్స్‌రేలను కూడా తప్పకుండా తెచ్చుకోవాలి. మూడేళ్ల కిందటి ఎక్స్‌రేలో రెండు పళ్ల మధ్య ఒక చిన్న నల్ల నొక్కు ఉండి, ఇవాళ నాలోనూ అది అంతే ఉంటే, ఎనామిల్ దాటి లోపలికి పోకపోతే, ఆ పుచ్చు ఆగిపోయిందని ఇద్దరు డాక్టర్లూ ఒక్క చూపులో ఒప్పుకుంటారు. అప్పుడు లేని నీడ ఇప్పుడు డెంటిన్‌లోకి దిగి కనిపిస్తే, ఆ పంటికి పని పడిందని అలాగే ఒప్పుకుంటారు. పుచ్చు కదులుతోందో నిలిచిందో ఏ ఒక్క రోజు బొమ్మలోనూ ఉండదు, రెండు రోజుల బొమ్మలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఊరు మారినా, క్లినిక్ మూతపడుతున్నా, పాత డాక్టరు రిటైరవుతున్నా, ముందుగా అడిగి తీసుకోవలసినవి అవే.